చదువు అబ్బకపోతే రక్తాన్ని నిందించాలా? పిల్లల చదువులో జన్యువుల పాత్ర ఎంత?

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో, వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగమే ఒకప్పటి తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అని చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటారు. అక్కడి గుడి గోడల మీద, స్తంభాల మీద సంస్కృతంలో, తెలుగులో చెక్కిన శాసనాలు చాలా ఉన్నాయి. కొన్నిటి వయసు 900 ఏళ్లు దాటింది. ఇన్ని వందల ఏళ్లలో ఆ రాళ్ల పక్కనుంచి ఎన్ని తరాల రైతులు, నేతపనివాళ్లు, సంతకు పోయేవాళ్లు నడిచిపోయారో లెక్కలేదు. వాళ్లలో చాలామందికి ఒక్క అక్షరం రాదు. అయినా వాళ్లను చూసి ఎవరూ ‘వీడి బుర్రలో ఏదో లోపం ఉంది’ అనలేదు. చదవలేకపోవడం లోపంగా కనిపించాలంటే, ముందు అందరూ చదవాల్సిన రోజు రావాలి.

ఆ రోజు ఎప్పుడో వచ్చేసింది. ఇప్పుడు మూడో తరగతి పిల్లవాడు రెండు వాక్యాలు చదవలేకపోతే ఇంట్లో గుబులు మొదలవుతుంది. ‘గుంటడికి బుర్రకెక్కట్లేదు’ అని ఒకరంటారు. ఇది తల్లి వైపు నుంచి వచ్చిందా, తండ్రి వైపు నుంచి వచ్చిందా అని పంచాయితీ. ముస్లిం కుటుంబాల్లో అయితే ఇంకో మాట కూడా పడుతుంది: ఖాందాన్‌లోనే నికా చేశారు కాబట్టి ఇలా అయిందని. చుట్టాల్లోనే కాదు, కొన్నిసార్లు డాక్టరు గదిలో కూడా ఈ మాట వినిపిస్తుంది. పిల్లవాడి అక్కకు వచ్చిన రిష్తా ఆగిపోవడానికి ఇలాంటి ఒక్క మాట చాలు.

అందులో కొంత నిజం ఉంది, చాలా తప్పు ఉంది. ‘రక్తంలో వచ్చింది’ అనే ఒకే మాట కింద రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. ఒకటి, ఏదో ఒక జన్యువు పూర్తిగా పాడవడం వల్ల వచ్చే మేధో వైకల్యం. ఇది అరుదు, తీవ్రం, కొన్నిసార్లు దగ్గరి పెళ్లితో సంబంధం ఉన్నది. రెండోది, తెలివితేటలన్నీ సవ్యంగా ఉండి చదవడంలోనో, రాయడంలోనో, లెక్కల్లోనో మాత్రమే వెనకబడడం. ఇది ప్రతి బడిలోనూ ఉంటుంది. దీని వెనక ఉన్న జన్యువులు ‘పాడైనవి’ కావు. ఈ రెంటినీ విడదీయకపోతే మొదటిదానికి అవసరమైన పరీక్ష జరగదు, రెండోదానికి అవసరమైన బోధన అందదు.

జన్యువుల దాకా పోకముందే అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. దాన్ని అడిగినాయన శ్రీముఖలింగం పక్కనే పుట్టాడు.

పర్వతాలపేట నుంచి వచ్చిన ప్రశ్న

గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆ తేదీనే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. పర్లాకిమిడిలో పంతులుగా చేరి, ముఖలింగం శాసనాలను సొంతంగా చదవడం నేర్చుకున్నారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల పిల్లలు బడిలో నిలవకపోవడం చూసి, అప్పటివరకు రాతలో లేని సవర భాషను తాను నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు తయారుచేసి, వాళ్ల కోసం బళ్లు పెట్టారు. సవర భాష వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి.

ఆయనకు జన్యుశాస్త్రం తెలియదు. ఆయన చదువుకునే రోజుల్లో ఆ శాస్త్రానికి ఆ పేరే లేదు. కానీ పిల్లలకు చదువు రాకపోవడానికి కారణం పిల్లల్లోనే ఉండనక్కర్లేదని, చెప్పే భాషలో ఉండొచ్చని ఆయనకు అర్థమైంది. తెలుగు పిల్లల విషయంలోనూ అదే వాదించారు. ఇంట్లో ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో పాఠాలు పెట్టి, రాయలేదని కొట్టడం ఏం న్యాయమని పోరాడారు. 2004 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పాఠాలు మొదలుపెట్టింది. గిడుగు ప్రశ్నకు అది చాలా ఆలస్యంగా వచ్చిన జవాబు.

ఇంట్లో దఖ్ఖనీ ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మీడియం, సాయంత్రం మక్తబ్‌లో అరబీ కాయిదా: ఇలా నాలుగు వైపులా తిరిగే పిల్లల విషయంలో ఈ ప్రశ్న ఇంకా బలంగా వర్తిస్తుంది. పిల్లవాడికి వైకల్యం ఉందా, లేక అర్థంకాని భాషలో చెబుతున్నారా అన్నది ముందు తేలాలి. ఎక్కువ భాషలు మాట్లాడితే బుర్ర గందరగోళమవుతుందనే భయానికి మాత్రం ఆధారం లేదు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగుల మీద చేసిన పరిశీలన 2013లో అచ్చయింది. వాళ్లలో తెలుగు, ఉర్దూ, హిందీ వంటి భాషలు రెండు మూడు మాట్లాడేవాళ్లున్నారు. ఒకే భాష మాట్లాడేవాళ్లకంటే వాళ్లకు జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. అది వృద్ధుల మీద చేసిన అధ్యయనం, పిల్లల చదువు మీద కాదు. అయినా ‘ఇంట్లో ఉర్దూ మానేయండి’ అని సలహా ఇచ్చే టీచర్లకు తెలియాల్సిన సంగతే.

రెండు తాళంచెవులు

ఇప్పుడు జన్యువులు. ప్రతి జన్యువూ మనిషిలో రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. ఇంటి తాళానికి రెండు చెవులున్నట్టు. ఒకటి విరిగినా రెండోదానితో తలుపు తెరుచుకుంటుంది, కాబట్టి ఒకటి విరిగిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. లోకంలో ప్రతి ఒక్కరూ ఇలాంటి విరిగిన చెవులు కొన్ని మోస్తూనే తిరుగుతున్నారు. సమస్య ఎప్పుడంటే, తల్లి దగ్గరా తండ్రి దగ్గరా విరిగింది ఒకే చెవి అయినప్పుడు. అప్పుడు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు రెండూ విరిగినవే వస్తాయి. ఆ జన్యువు మెదడు ఎదుగుదలకు అవసరమైనదైతే మేధో వైకల్యం కలగొచ్చు.

దగ్గరి పెళ్లి ప్రమాదం ఇక్కడే. చాచా, మామూ, ఖాలా, ఫుఫీ పిల్లలకు ఒకే దాదా దాదీలో, నానా నానీలో ఉంటారు. కాబట్టి ఇద్దరికీ ఒకే విరిగిన చెవి వచ్చి ఉండే అవకాశం బయటివాళ్లకంటే ఎక్కువ. లెక్క ప్రకారం ఇలాంటి దంపతుల బిడ్డలో 16 జన్యువులకు ఒకటి చొప్పున రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవై ఉంటాయి. తెలుగు హిందూ కుటుంబాల్లో ఉన్న మేనమామ–మేనకోడలు పెళ్లిలో అది 8కి ఒకటి. ఆ పెళ్లి ఇస్లాంలో నిషిద్ధం, కజిన్ల పెళ్లికి అనుమతి ఉంది. అనుమతి ఉందంటే చేసుకుని తీరాలని కాదన్నది కూడా అందరికీ తెలిసిందే.

కాబట్టి ఇది ముస్లింల సమస్య అనడం తెలుగునేల సంగతి తెలియకపోవడమే. జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు కృష్ణ ద్రోణంరాజు, ఆయనతో కలిసి పి. మీరా ఖాన్, ఆంధ్రలో దగ్గరి పెళ్లిళ్లు ఎన్ని, వాటి ఫలితాలేమిటి అనే విషయం మీద 1963లోనే పరిశోధన వ్యాసం ప్రచురించారు. ఆ తర్వాత ఆరు దశాబ్దాలు గడిచినా, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్యే. దేశం మొత్తమ్మీద అది దాదాపు 11 శాతం. పైగా, సొంత మేనరికం చేసుకోకపోయినా వందల ఏళ్లుగా ఒకే చిన్న కులంలో, ఒకే చిన్న బిరాదరీలో పెళ్లిళ్లు చేసుకుంటూ పోతే ఫలితం కొంత అలాగే ఉంటుంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కె. తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల జన్యువులు పరిశీలించి 2017లో చెప్పింది ఇదే.

మరి ప్రమాదం ఎంత? బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో పాకిస్తానీ మూలాలున్న కుటుంబాలు ఎక్కువ. అక్కడ 11 వేలకు పైగా శిశువులను పరిశీలించిన అధ్యయనం 2013లో వచ్చింది. పుట్టుకతో వచ్చే లోపాలు మామూలుగా నూటికి 3 అయితే, కజిన్ల పిల్లల్లో సుమారు 6. అంటే రెట్టింపు. అదే లెక్కను తిప్పి చదివితే 94 మంది అలాంటి లోపాలు లేకుండా పుట్టారు. ‘మా నానీది మేనరికమే, మాకేం కాలేదు’ అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ‘మేనరికం వల్లే ఇలా అయింది’ అని ఏ పరీక్షా లేకుండా తీర్పు చెప్పేవాళ్లు మాత్రం తొందరపడుతున్నారు.

ఎందుకంటే మేధో వైకల్యానికి కారణాలన్నీ ఈ దారిలో రావు. డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉంటాయి. జెరోమ్ లెజ్యూన్ 1959లో దీన్ని బయటపెట్టారు. చాలామందిలో ఇది అండం తయారయ్యేటప్పుడు జరిగే పొరపాటు. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది తప్ప మేనరికంతో సంబంధం లేదు. ఫ్రాజైల్ ఎక్స్ అనేది ఎక్స్ క్రోమోజోమ్ మీదున్న ఒక జన్యువులో అక్షరాలు అదే పనిగా పునరావృతమవడం వల్ల వస్తుంది, 1991లో కనిపెట్టారు. మగపిల్లల్లో దీని ప్రభావం ఎక్కువ. మగపిల్లవాడికి ఎక్స్ వచ్చేది తల్లి నుంచే కాబట్టి నింద ఆమె మీద పడుతుంది. ఆమెకు అది తన తండ్రి నుంచి వచ్చి ఉండొచ్చు, ఆయనకు ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. కాన్పు సమయంలో ఊపిరాడకపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, చిన్నప్పుడు మెదడువాపు, గర్భిణికి అయోడిన్ చాలకపోవడం, వీటిలో ఏదీ ‘రక్తం’ కాదు.

తల్లిని నిందించే విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పుకోవాలి. రెండు చెవులూ విరిగితే తప్ప జబ్బు రాని చోట, సగం తండ్రిది. కోడలిని పుట్టింటికి పంపేసిన ఇళ్లలో ఈ లెక్క ఎవరూ వేయలేదు.

జన్యు కారణమంటే ఇక చేయగలిగిందేమీ లేదనుకోవడం ఇంకో పొరపాటు. ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు పూర్తిగా జన్యువుల వల్లే వస్తుంది. కానీ పుట్టిన కొద్ది రోజుల్లో రక్తపరీక్షతో కనిపెట్టి, ఒక రకం ప్రొటీన్ అంశాన్ని ఆహారంలో కట్టడి చేస్తే బిడ్డ మెదడు మామూలుగానే ఎదుగుతుంది. పుట్టుకతో థైరాయిడ్ పనిచేయకపోవడం కూడా అంతే. రోజుకో చిన్న మాత్ర, మొదటి రెండు వారాల్లో మొదలుపెడితే చదువుకునే బిడ్డ, రెండేళ్లు ఆలస్యమైతే జీవితాంతం వైకల్యం. హైదరాబాద్‌లో ఎ. రాధా రమాదేవి, ఎస్.ఎం. నౌషాద్ నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది నవజాత శిశువులను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించారు. థైరాయిడ్ లోపం 1,700 మందిలో ఒకరికి కనిపించింది. జీవక్రియల్లో పుట్టుకతో వచ్చే లోపాలు దాదాపు వెయ్యికి ఒకరిలో కనిపించాయి. మడమ మీద సూదితో గుచ్చి తీసే నాలుగు చుక్కల రక్తంతో తేలే సంగతి ఇది. కాన్పుకు ముందే ‘బిడ్డకు థైరాయిడ్ పరీక్ష చేస్తారా’ అని అడగడం ఏ కుటుంబానికైనా సాధ్యమే.

వేల చిన్న తేడాలు

ఇక రెండో సంగతి. మాటలు చక్కగా మాట్లాడతాడు, దుకాణంలో చిల్లర లెక్క తప్పడు, కథ చెబితే మళ్లీ చెబుతాడు, పుస్తకం తెరిస్తే మాత్రం చెమటలు. వీళ్లది మేధో వైకల్యం కాదు. చదవడంలో ఇబ్బందిని డిస్‌లెక్సియా అంటారు, రాయడంలో డిస్‌గ్రాఫియా, లెక్కల్లో డిస్‌కాల్క్యులియా. అన్నీ కలిపి చట్టంలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం అన్నారు.

ఇవి కుటుంబాల్లో నడుస్తాయన్నది నిజమే. దాన్ని తేల్చింది కవలలు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల జన్యువులు దాదాపు ఒకటే. వేర్వేరు అండాల కవలలు మామూలు అన్నదమ్ముల్లాగా సగటున సగం పంచుకుంటారు. మొదటి రకం కవలలు రెండో రకంకంటే చదువులో ఎంత ఎక్కువగా పోలితే జన్యువుల పాత్ర అంత ఎక్కువన్నమాట. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1994 నుంచి 1996 వరకు పుట్టిన వేలాది కవల జంటలను రాబర్ట్ ప్లోమిన్ బృందం చిన్నప్పటి నుంచి వెంబడించింది. చదవడంలో, లెక్కల్లో పిల్లల మధ్య కనిపించే తేడాల్లో సగానికి పైగా జన్యువుల తేడాలతో ముడిపడి ఉందని తేలింది.

అంతకంటే ముఖ్యమైనవి వాళ్లకు దొరికిన ఇంకో రెండు సంగతులు. వెనకబడిన పిల్లల్లో పనిచేసే జన్యువులు, ముందున్న పిల్లల్లో పనిచేసే జన్యువులు వేరు వేరు కావు. అవే జన్యువులు, చివర తేడా. బీపీ లాగా అనుకోవచ్చు. 120 ఉన్నవాడికీ 150 ఉన్నవాడికీ మధ్య గోడేమీ లేదు, ఫలానా అంకె దాటితే జబ్బు అని గీత గీసింది డాక్టర్లు. డిస్‌లెక్సియా గీత కూడా అలాంటిదే. రెండోది, చదవడానికి ఒక జన్యువు, లెక్కలకు ఒక జన్యువు అంటూ విడిగా లేవు. ఒకే జన్యువులు చాలా నైపుణ్యాల్లో వేలు పెడతాయి. చదవడంలో ఇబ్బందిపడే పిల్లల్లో చాలామందికి లెక్కలు కూడా కష్టంగా ఉండడానికి అదొక కారణం. శ్రీముఖలింగం రాళ్లు గుర్తు చేసుకుంటే ఇందులో వింత లేదు. మనిషి రాత నేర్చింది సుమారు 5 వేల ఏళ్ల కిందట, జనమంతా చదవడం మొదలుపెట్టింది నిన్న మొన్న. అంత కొద్ది కాలంలో ‘చదివే జన్యువు’ పుట్టదు. మాటల్లోని శబ్దాలను విడదీసి వినడం, చూసినదాన్ని మాటతో జతచేయడం, మనసు నిలపడం వంటి పాత పనులకు ఉన్న జన్యువులే ఇప్పుడు అక్షరాల పనికి అరువొచ్చాయి.

2022లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం డిస్‌లెక్సియా ఉందని చెప్పిన 51,800 మందిని, లేదని చెప్పిన 10 లక్షలకు పైగా మందితో పోల్చింది. జన్యువుల పటంలో 42 చోట్ల తేడాలు దొరికాయి. ఒక్కొక్కదాని ప్రభావం ఆవగింజంత. అదే ఏడాది 30 లక్షల మంది మీద వచ్చిన మరో అధ్యయనంలో, ఎన్నేళ్లు చదువుకున్నారన్నదానితో ముడిపడిన చోట్లు దాదాపు 4 వేలు దొరికాయి. అన్నీ కలిపి లెక్కగట్టినా మనుషుల మధ్య చదువు తేడాలో 12 నుంచి 16 శాతం వరకే వివరించగలిగాయి. పైగా రెండింటిలోనూ చూసింది యూరప్ మూలాలున్నవాళ్లనే. నరసన్నపేట పిల్లవాడికో, బొబ్బిలి పిల్లకో ఆ లెక్క అతకదు. ఉమ్మి పంపితే మీ పిల్లవాడు డాక్టరవుతాడో, ఇంజనీరవుతాడో చెబుతామనే ప్రకటనలు కనిపిస్తే ఆ డబ్బుతో కథల పుస్తకాలు కొనడం మేలు.

దగ్గరి పెళ్లి సంగతి ఇక్కడేమిటి? 2015లో 100కు పైగా అధ్యయనాలను, 3.5 లక్షల మందిని కలిపి చూసిన పరిశోధన ఒకటి వచ్చింది. దాని అంచనా ప్రకారం కజిన్ల పిల్లల్లో సగటున ఎత్తు 1.2 సెంటీమీటర్లు, చదువు పది నెలలు తగ్గే అవకాశం ఉంది. ప్రభావం లేదని దాచక్కర్లేదు, అది ఎంత చిన్నదో కూడా దాచక్కర్లేదు. డిస్‌లెక్సియా మాత్రం దగ్గరి పెళ్లి మాటే వినని దేశాల్లోనూ నిండుగా ఉంది.

సగానికి పైగా జన్యువులదే అన్నప్పుడు మిగతాది వదిలేయాలా? ఈ అంకెను చాలామంది తప్పుగా చదువుతారు. అది ఒక పిల్లవాడి చదువులో సగం వాటా కాదు, ఒక దేశంలో పిల్లల మధ్య ఉన్న తేడాల లెక్క. బళ్లన్నీ దాదాపు ఒకేలా ఉన్న చోట మిగిలే తేడా ఎక్కువగా జన్యువులదే అవుతుంది. అయిదు తరగతులకు ఒకే టీచరున్న బడి, ఏసీ గదుల కార్పొరేట్ బడి పక్కపక్కనే ఉన్న చోట లెక్క మారిపోతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒకటి, రెండు తరగతుల కవలల మీద 2010లో వచ్చిన పరిశోధన దీన్ని నేరుగా చూపించింది. మంచి టీచరున్న తరగతిలో పిల్లలు తమ శక్తి మేరకు ఎదిగి, జన్యువుల తేడా బయటపడింది. టీచరు సరిగా లేని తరగతిలో ఆ శక్తి బయటికే రాలేదు. చూపు మందగించడం కూడా కుటుంబాల్లో గట్టిగా నడిచేదే. అయినా ఎవరూ ‘రక్తంలో ఉంది’ అని ఊరుకోరు, కళ్లజోడు కొంటారు.

ఐస్‌లాండ్ శాస్త్రవేత్తలు 2018లో ఇంకో చిత్రమైన సంగతి చూపించారు. తల్లిదండ్రుల జన్యువుల్లో బిడ్డకు రాకుండా మిగిలిపోయినవి కూడా బిడ్డ చదువు మీద ప్రభావం చూపాయి. రాని జన్యువు ఎలా పనిచేస్తుంది? ఇంటి ద్వారా. తల్లిదండ్రులు ఇంట్లో ఏం మాట్లాడతారు, ఏం చదువుతారు, రాత్రి ఎన్నింటికి టీవీ కడతారు అనే దారిలో. ఒక తల్లికి తన చదువు ఆగిపోయిందన్న బాధ ఉంటే, ఆమె ఇప్పుడు మొదలుపెట్టినా అది బిడ్డకు చేరుతుంది.

ఎలా గుర్తుపట్టాలి

తెలుగు లిపిలో ఒక వెసులుబాటు ఉంది: రాసినట్టే పలుకుతాం. అందువల్ల డిస్‌లెక్సియా ఉన్న తెలుగు పిల్లలు తప్పులకంటే నత్తనడకతో బయటపడతారు. గుణింతాలు కలిసిపోతాయి, వత్తులు జారిపోతాయి, ఒక పేరా చదివేసరికి అలసిపోతారు. ఇంగ్లీషులో స్పెల్లింగ్ ఒకటి, పలుకు ఒకటి కాబట్టి అక్కడ ఇబ్బంది బాహాటంగా కనిపిస్తుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, చుక్కల్లో తేడా, జేర్ జబర్‌లు రాయరు. రెండు దిక్కుల్లో రాయడం వల్ల డిస్‌లెక్సియా రాదు. కానీ రెండు మూడు లిపులు నేర్చే పిల్లల విషయంలో ఇంటివాళ్లకు ఒక మంచి ఆనవాలు దొరుకుతుంది. ఇంగ్లీషు ఒక్కదానిలోనే వెనకబడి, తెలుగు, కాయిదా బాగా చదువుతుంటే ఇంగ్లీషు చెప్పే తీరు చూడాలి. అన్ని లిపుల్లోనూ ఒకే రకంగా తడబడుతుంటే పరీక్ష చేయించాలి. సూరాలు విని కంఠస్థం చేసిన పిల్లవాడు నాజిరాలో మాత్రం వేలు పెట్టిన చోటే ఆగిపోతుంటే, ఆ సంగతి బడి టీచరుకంటే ముందు మక్తబ్ ఉస్తాద్‌కే కనిపిస్తుంది. బెత్తం తీయకుండా తండ్రికి కబురు పెడితే ఒక ఏడాది కలిసొస్తుంది. నజర్ తగిలిందని తావీజుల కోసం తిరగడంలోనే ఇలాంటి ఏళ్లు కొన్ని కరిగిపోతుంటాయి.

ఆడపిల్లల్లో ఇది ఎక్కువగా కప్పడిపోతుంది. మగపిల్లవాడు అల్లరి చేసి టీచరు కంట్లో పడతాడు. ఆడపిల్ల మూల కూర్చుని నోట్సు కాపీ చేస్తుంది, పదో తరగతిలో తప్పితే ‘ఇంక చాల్లే’ అని ఇంట్లో కూర్చోబెడతారు.

అన్నిటికంటే ముందు చెవులు, కళ్లు పరీక్షించాలి. సరిగా వినపడని పిల్లవాడు మొద్దుగా కనిపిస్తాడు. దగ్గరి పెళ్లిళ్లు ఎక్కువున్న చోట పుట్టు చెవుడు కూడా ఎక్కువ, అది రెండు తాళంచెవుల లెక్కలోకే వస్తుంది. మన్యంలో జ్వరానికి క్వినైన్ వాడి వాడి గిడుగు రామమూర్తికి కూడా వినికిడి పోయిందంటారు. పెద్దాయన కాబట్టి చెప్పుకోగలిగారు, నాలుగేళ్ల పిల్లకు తనకు వినపడటం లేదన్న సంగతే తెలియదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బళ్లలో ఉచితంగా పరీక్షలు చేసి, అవసరమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. ఎదుగుదల ఆలస్యం, వినికిడి, చూపు, అభ్యసన సమస్యలు ఆ జాబితాలో ఉన్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం రెండూ వేర్వేరుగా ఉన్నాయి. 1995 నాటి పాత చట్టంలో రెండోది అసలు లేదు. ధ్రువపత్రం ఉంటే రాత పరీక్షలో స్క్రైబ్‌ను, అదనపు సమయాన్ని అడిగే హక్కు ఉంటుంది. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అది గంటకు కనీసం 20 నిమిషాలు. సర్టిఫికెట్ తీసుకుంటే పిల్ల పేరు పాడవుతుందని వద్దనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ 20 నిమిషాలు లేక పదో తరగతి పోగొట్టుకున్న పిల్లలూ ఉన్నారు. ఈ పిల్లలకు చదువు చెప్పే పద్ధతి కూడా వేరు. శబ్దాన్ని అక్షరంతో ఒక్కొక్కటిగా, నెమ్మదిగా, చేత్తో ఇసుకలో రాయిస్తూ, నోటితో పలికిస్తూ, రోజూ కొద్దిసేపు. చిన్న వయసులో మొదలుపెడితే ఫలితం ఎక్కువ.

మేధో వైకల్యం అనుమానం ఉన్నవాళ్లకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉంది. జన్యు పరీక్షలకు, పెళ్లికి ముందు లేదా రెండో కాన్పుకు ముందు సలహాకు హైదరాబాద్ బేగంపేటలోని ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యుశాస్త్ర సంస్థ, నిమ్స్ జన్యు విభాగం ఉన్నాయి. ఉత్తరాంధ్ర వాళ్లు ముందు విశాఖ కేజీహెచ్ పిల్లల విభాగంలో చూపించుకుని, అక్కడి చీటీతో వెళ్తే దారి తేలిక. మొదటి బిడ్డకు కారణం ఏ జన్యువో తేలితేనే రెండో బిడ్డకు గర్భంలో పరీక్ష చేయడం కుదురుతుంది కాబట్టి, మొదటి బిడ్డ పరీక్షను ‘ఇప్పుడేం లాభం’ అని మానేయకూడదు.

అక్కడికి వెళ్లినప్పుడు డాక్టరు మొదట అడిగేది మూడు తరాల వంశవృక్షం. ఎవరు ఎవరిని చేసుకున్నారు, ఏ ఇంట్లో గర్భాలు పోయాయి, ఏ బిడ్డ ఏడాది లోపు చనిపోయింది, ఎవరికి మాటలు ఆలస్యంగా వచ్చాయి, ఎవరికి వినపడదు. చాలా ఇళ్లలో ఈ వివరాలు దాదీకో నానీకో తప్ప ఎవరికీ తెలియవు, ఆమెను ఎవరూ అడగరు కూడా. బయల్దేరే ముందు ఆమె పక్కన కూర్చుని అన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే డాక్టరు పని సగం అయిపోయినట్టే.